టింబర్‌మన్ కట్టిన అంటు

రఘుపతి ముడి వేశాడంటే దాన్ని విప్పడానికి మళ్ళీ రఘుపతే రావాలి. గోదావరిఖనిలో వాళ్ళ వరస క్వార్టర్లన్నిటికీ తెలిసిన మాట ఇది. బట్టలారేసే తీగ తెగినా, మంచం నులక జారినా ఆడవాళ్ళు "రఘుపతన్నను పిలువుండ్రి" అనేవాళ్ళు. ఆయన బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైన వేలాడే బండ మనుషుల మీద కూలకుండా కర్రలు నిలబెట్టి బిగించడం ఆయన పని. వదులు కర్ర కింద నిలబడితే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు, ఇద్దరు దోస్తులను అట్లాగే పోగొట్టుకున్నాడు. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లగాళ్ళకు ఒకటే పాఠం చెప్పేవాడు. "అనుమానం అచ్చిందా, ఇంకో కర్ర పెట్టు. అనుమానం పోయిందా, అయినా ఇంకోటి పెట్టు." ఆ పాఠం వల్ల బతికి బట్టకట్టినవాళ్ళు కాలనీలో చాలామందే ఉన్నారు. ఆ పాఠం వల్లే ఒక చెట్టు చచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

చెట్టు ఆయనది కాదు, అత్తగారు లస్మవ్వది. గుండ్లకుంట ఊళ్ళో ఆమె చెలక గట్టు మీద ఉండేది. మామిడి చెట్టే కాని దాని తీరే వేరు. పండు పిడికిలంత, తొక్క మాత్రం పండినా పచ్చగానే ఉండేది. ఎర్రబడదు, పసుపెక్కదు. తెలియనివాళ్ళు పచ్చికాయ అనుకుని వదిలేసి పోయేవాళ్ళు. తెలిసినవాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటే సోంపు వాసన కొట్టేది, నోట్లో పెట్టుకుంటే బెల్లంపాకం. ఊళ్ళో దాన్ని పచ్చపండు చెట్టు అనేవాళ్ళు. లస్మవ్వ పెళ్ళయి వచ్చిన తొలి ఎండాకాలం అత్త సారవ్వతో మాట పడి, గడ్డివాము వెనక కూర్చుని ఏడుస్తుంటే మొగుడు కొమురెల్లి ఏం మాట్లాడాలో తెలియక ఒడినిండా ఆ పండ్లు తెచ్చి పోసి పారిపోయాడట. "గాయినె మాట్లాడింది తక్కువ, పండ్లు తెచ్చింది ఎక్కువ" అని లస్మవ్వ చెప్పి చెప్పి నవ్వేది. కొమురెల్లి పోయాక కూడా ప్రతి ఎండాకాలం మొదటి పండు ఆమె ఆ గడ్డివాము దగ్గరే కూర్చుని తినేది.

అటువంటి ఊరి కిందికి బొగ్గు వచ్చింది. వచ్చిందేమిటి, ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు కంపెనీకి అవసరం వచ్చింది. ఓపెన్‌కాస్టు పడుతుందన్నారు, నేలను పైనుంచే తవ్వుకుపోతారు కనుక ఊరు ఖాళీ చేయాలన్నారు. అందరూ ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. లస్మవ్వ పెట్టలేదు. ఇల్లు పోతుందని కాదు, చెలక పోతుందని కూడా కాదు. ఆఫీసువాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది. "నేనస్త సరే, నా చెట్టు ఎట్లస్తది?"

వాళ్ళు చెట్టుకు కూడా ఇంత అని రాసి ఇస్తామన్నారు. లస్మవ్వ వాళ్ళను ఎగాదిగా చూసి, "మీ అవ్వను గూడ గిట్లనే లెక్క గట్టి ఇస్తరా బిడ్డా?" అంది. పాపం, లెక్క రాయబోయిన గుమస్తా మళ్ళీ ఆ వాకిలి తొక్కలేదు.

లస్మవ్వ బిడ్డ, రఘుపతి భార్య జమునకు భయం పట్టుకుంది. ఊరంతా ఖాళీ అయితే ముసలామె ఒక్కతే పేలుళ్ళ మధ్య ఎట్లా ఉంటుంది? మొగుణ్ణి కూర్చోనివ్వలేదు, పండనివ్వలేదు. అప్పుడు రఘుపతికి కామేశ్వరరావు గుర్తొచ్చాడు.

కామేశ్వరరావు బాయిలో సర్వే ఆఫీసరు. నూజివీడు వైపు మనిషి, తాతల నాటి మామిడి తోటల్లో పెరిగినవాడు. ఆయన క్వార్టరు పెరట్లోకి పోతే సంతకు పోయినట్టే. డ్రమ్ముల్లో దానిమ్మ, గోడవారన జామ, మూలకు సపోటా, మధ్యలో పొట్టిగా కత్తిరించిన బంగినపల్లి. కాలనీలో ఎవరు మొక్క పెట్టాలన్నా ఆయన్ను అడగాల్సిందే. అడిగితే గంటసేపు వదలడు. చిన్నరసం అయితే పిల్లలు జుర్రుకుంటారు కాని నిలవ ఉండదు, తోతాపరి విరగకాస్తుంది కాని చుట్టాలకు పెడితే మొహం ముడుచుకుంటారు, హిమాయత్ రుచికి రాజే కాని మన బూడిద నేలలో మొరాయిస్తుంది అంటూ మొదలుపెడతాడు. ఆయన భార్య అరుణకుమారి "మా ఇంట్లో సంబంధాలు కూడా ఇంత వెతకలేదండీ" అని టీ ఇచ్చి పోయేది.

రఘుపతి సంగతంతా చెప్పి, "టెంక పెడితె అస్తదా సార్?" అని అడిగాడు.

"టెంక పెడితే మామిడి వస్తుంది, మీ మామిడి రాదు" అన్నాడు కామేశ్వరరావు. "తల్లి ఒకటి, పిల్ల ఒకటి. దాని బుద్ధే అంత. ఆ చెట్టు కొమ్మే కావాలి. అంటు కట్టాలి."

ఆయన లస్మవ్వ దగ్గరికి కూడా వచ్చాడు. ముందు, అలవాటు కొద్దీ, పిండివంటలు వడ్డించినట్టు తనకు తెలిసిన రకాలన్నీ ఏకరువు పెట్టాడు. లస్మవ్వ అన్నీ విని, "గవన్ని మీరే తినుండ్రి సారూ. నాకు నాదే గావాలె" అంది. చెట్టు నుంచి తెంపిన ఒక పండు ఆయన చేతిలో పెట్టింది. ఆయన అనుమానంగా కొరికాడు. రెండో ముక్క ఆత్రంగా కొరికాడు. టెంక చీకుతూ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "అమ్మా, దీన్ని పోనివ్వడం పాపం" అన్నాడు.

తొలకరి పడ్డాక ఆయన తన దగ్గర సంచుల్లో పెంచిన నాటు మామిడి మొక్కలు రెండు తెచ్చాడు. అవి పుల్లటి పీచుకాయల టెంకల నుంచి మొలిచినవి. "వేరు గట్టిది, రుచి మనకక్కర్లేదు" అన్నాడు. మొక్క తల కోసి, చీలిక చేసి, పచ్చపండు చెట్టు నుంచి కోసిన వేలెడంత కొమ్మను అందులో దిగేసి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టాడు. రఘుపతి దగ్గరికి వంగి చూశాడు. కర్రకు కర్ర బిగించడం ఆయనకు తెలిసిన పనే కాని, రెండు ప్రాణాలను కలిపి కట్టడం అప్పుడే చూశాడు.

"రెండు సంగతులు గుర్తుపెట్టుకో రఘుపతీ. పైకొమ్మ చిగురేసి, ఆకులు ముదిరాక ఈ పట్టీ విప్పెయ్యాలి, లేకపోతే గొంతు బిగుసుకుంటుంది. రెండోది, అంటు కింద నుంచి ఏ మొలక వచ్చినా గిల్లిపారెయ్. అది నాటు మొక్క సొంత కొమ్మ. దాన్ని పెరగనిచ్చావా, ఇంట్లో దొంగను పెట్టుకున్నట్టే."

ఒక మొక్క రఘుపతికి ఇచ్చి, ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. వారం పది రోజులకు అంటు మీద ఎర్రటి చిగురు మొటిమలా పొడుచుకొచ్చింది. జమున ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని, మొగుడితో కలిసి ఆటోలో గుండ్లకుంటకు తీసుకుపోయి తల్లికి చూపించింది.

లస్మవ్వ ఆ చిగురును వేలితో ముట్టుకుంది. తర్వాత అల్లుడి వైపు చూసింది. "నువ్వు జూసుకుంటవా కొడుకా?"

"నా పానం లెక్క జూసుకుంట అత్తమ్మా" అన్నాడు రఘుపతి.

"ఎవరన్న ఇంకోలు జెప్తె నమ్మకపోదును. నువ్వు నిలవెట్టిన కర్ర ఎన్నడు పడలేదంటరు" అంది. మర్నాడే పోయి సంతకం పెట్టింది. ఆ దీపావళి నాటికి గుండ్లకుంటలో దీపం పెట్టేవాడు లేడు. చెట్టును బుల్డోజరు తోసిన రోజు లస్మవ్వ బిడ్డ క్వార్టరులో కూర్చుని, గోడవారన నాటిన జానెడు మొక్కకు చెంబుతో నీళ్ళు పోసింది. "తల్లి వోయినా పిల్ల ఉన్నది" అని తనకు తానే చెప్పుకుంది.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే జరిగింది. ఇక్కడే మన టింబర్‌మన్‌కు అనుమానం వచ్చింది.

అంతలో కామేశ్వరరావుకు కొత్తగూడెం బదిలీ అయింది, తన మొక్కను కూడా లారీలో ఎక్కించుకుని పోయాడు. పట్టీ విప్పే వేళ అయిందని రఘుపతికి తెలుసు. మొక్క ముందు గొంతుక్కూర్చుని పట్టీ కొస పట్టుకున్నాడు. చెయ్యి ఆడలేదు. బాయిలో సపోర్టు తీసే పనంత చెడ్డ పని ఇంకొకటి లేదు, కర్ర పెట్టేటప్పుడు పోయినవాళ్ళకన్నా కర్ర పీకేటప్పుడు పోయినవాళ్ళే ఎక్కువ. ఆ సన్నటి కొమ్మ గాలికి ఊగుతోంది. పట్టీ తీస్తే అది విరిగి చేతిలోకి వస్తుందేమోననిపించింది. ఎదురుగా అరుగు మీద లస్మవ్వ కూర్చుని చూస్తోంది.

పట్టీ తీశాడు, తీయకుండా ఉండలేదు. కాని ఆ అంటు బోసిగా కనబడేసరికి తట్టుకోలేక లోపలికి పోయి వైరు తెచ్చాడు. బాయిలో పేలుళ్ళకు వాడి పారేసిన రంగురంగుల సన్నవైరు అది. కాలనీలో దానితో చేయని పని లేదు. బుట్టలు అల్లుతారు, పందిళ్ళు కడతారు, పిల్లల పలకలు వేలాడదీస్తారు. ఎండకు ఎండదు, వానకు నానదు, ఏళ్ళు గడిచినా తెగదు. ఎర్రవైరు మూడు చుట్లు చుట్టి తన ముడి వేశాడు. తర్వాత ప్రతి ఆదివారం వేలితో కదిపి చూసి, అనుమానం వస్తే ఇంకో చుట్టు చుట్టేవాడు.

"సార్ ఇప్పెయ్యమన్నడు గదా" అంది జమున ఒకసారి.

"సార్ పట్టీ ఇప్పుమన్నడు, ఇప్పిన. గిది సపోర్టు. నీకు తెల్వదు ఊకో."

పెరడంతా బొగ్గుబూడిద నేల అని, గోదారి ఒడ్డు నుంచి ఒండ్రుమట్టి తెప్పించి మొక్క చుట్టూ గట్టు పోశాడు. గాలికి ఊగకుండా మట్టి పైకి పైకి ఎగదోశాడు. అంటు, వైరు రెండూ మట్టిలో మునిగిపోయాయి. ఇక ఏ గాలీ ఏమీ చేయలేదని ఆయనకు ఆ రోజు కంటినిండా నిద్ర పట్టింది.

ఎండాకాలం వచ్చింది. ఖని ఎండ సంగతి తెలిసిందే, పైన సూర్యుడు, కింద బొగ్గు. మొక్క పైకొమ్మ వాడింది, ఆకులు రాలాయి, చివరికి పుల్లలా ఎండిపోయింది. లస్మవ్వ అన్నం మానేసింది. జమున మొగుణ్ణి కనబడినప్పుడల్లా తిట్టింది. రఘుపతి డ్యూటీకి పోయే ముందు నీళ్ళు, వచ్చాక నీళ్ళు, షిఫ్టు మార్చుకుని మరీ నీళ్ళు పోశాడు. ఎండిన పుల్లను మట్టి దాకా కోసేశాడు. తొలి వానలు పడ్డ నాలుగు రోజులకు ఆ మట్టిలోంచి లేత ఎరుపు చిగురు ఒకటి తలెత్తింది.

"బతికింది! అత్తమ్మా, బతికిందే!" అని ఆయన అరిచిన అరుపుకు పక్క క్వార్టర్ల వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. లస్మవ్వ వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ చక్కెర పంచింది. కామేశ్వరరావు చెప్పిన రెండో మాట రఘుపతికి ఆ వేళ గుర్తు రాలేదని కాదు. వచ్చింది. కాని అంటు మట్టిలోనే ఉంది, చిగురు మట్టిలోంచే వచ్చింది, అంటే అంటులోంచే వచ్చిందనుకున్నాడు. అనుకోవాలనుకున్నాడు, అనుకున్నాడు. ఆ సంబరంలో తవ్వి చూసే గుండె ఎవరికుంటుంది?

మొక్క మొక్కలా పెరగలేదు, పోటీ పడ్డట్టు పెరిగింది. చూస్తుండగానే గోడ దాటింది. లస్మవ్వ కళ్ళకు పొరలు కమ్మాయి, ఆపరేషన్ అంటే వద్దంది. ఆ మసకలోనే చెట్టు కాండం తడిమి, "మా ఊరి బలుపు సూడు" అని మురిసిపోయేది. అంటు మొక్క నాలుగో ఏట కాయాలని కామేశ్వరరావు చెప్పాడు. నాలుగో ఏడు పూత లేదు. అయిదో ఏడు కూడా లేదు. "మట్టి మారింది గదా, అలవాటు పడాలె" అంది లస్మవ్వ. తానింకా అలవాటు పడలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలన్నీ మూతపడ్డాయి. పొద్దున టెంటు కింద కూర్చుని నినాదాలిచ్చి వచ్చాక రఘుపతికి పొద్దు పోయేది కాదు. పని లేని చేతులు ఊరికే ఉండవు కదా, చెట్టుకు ఎరువు వేద్దామని మొదలు చుట్టూ మట్టి తవ్వాడు. గడ్డపారకు ఎర్రగా ఏదో తగిలింది.

వైరు. రంగు కూడా పోలేదు. చెయ్యి పెట్టి మట్టి తుడిచాడు. వైరు కాండంలోకి కోసుకుని దిగబడిపోయి ఉంది. దాని పైన నల్లటి మోడు, వేలెడంత, పుచ్చిపోయి. ఇంత చెట్టూ ఆ వైరు కింద నుంచి, పక్కకు, నాటు మొక్క ఒంట్లోంచి లేచింది.

రఘుపతి గడ్డపార పక్కన పెట్టి ఆ గుంటలోనే కూర్చుండిపోయాడు. తన ముడి అట్లాగే ఉంది. కొంచెం కూడా వదులవలేదు. ఎవరన్నా ఒక్కసారి, ఏ పిల్లగాడైనా ఆటకు దాన్ని తెంపినా పచ్చపండు బతికేది. ఆయన ముడి ఎవరు తెంపగలరు? ఏడుద్దామంటే ఏడుపు రాలేదు.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?" అని అరుగు మీది నుంచి లస్మవ్వ అడిగింది.

"ఎరువేస్తున్న అత్తమ్మా" అన్నాడు. మట్టి కప్పేశాడు.

మర్నాడు కొత్తగూడేనికి ఫోన్ చేశాడు. కామేశ్వరరావు రిటైరయి ఇంట్లోనే ఉన్నాడు. రఘుపతి గొంతు వినగానే ఆయనే ముందు అడిగాడు. "ఏమోయ్, మీ పచ్చపండు కాసిందా? నాది లారీలోనే అంటు దగ్గర కదిలిపోయింది, దక్కలేదు. మీ దగ్గరుందన్న ధైర్యంతో ఉన్నాను. వచ్చే తొలకరికి వచ్చి ఒక కొమ్మ కోసుకుంటాను, ఏం?"

"మంచిది సార్" అన్నాడు రఘుపతి. అదృష్టమో ఏమో, ఆయన రాక ఏటేటా వాయిదా పడుతూనే వచ్చింది.

గుండ్లకుంట వాళ్ళెవరి దగ్గరన్నా ఉంటుందేమోనని తిరిగాడు. పెద్దపల్లిలో స్థిరపడ్డ పోశం ఆ చెట్టు టెంక నాటుకున్నాడని తెలిసి బస్సెక్కి పోయాడు. చెట్టయితే ఉంది. "కాత మంచిగనే కాస్తది కాని గా రుచి లేదన్నా. పండు పసుపైతది" అన్నాడు పోశం. టెంకకు తల్లి గుర్తుండదని సార్ ముందే చెప్పాడు. తిరుగు బస్సులో రఘుపతి ఓపెన్‌కాస్టు వైపు చూశాడు. గుండ్లకుంట ఉన్న చోట ఆకాశమే ఉంది, పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలు. ఏ గుట్ట కింద ఆ చెట్టు వేరు ఉందో చెప్పేవాడు లేడు.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాడు. లస్మవ్వ రోజూ పొద్దున కట్టె తాటించుకుంటూ పోయి చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, "ఈ ఏడన్న కాస్తవా బిడ్డా" అని పలకరిస్తుంది. అది చూశాక ఎవరు చెప్పగలరు? చెబితే ఆమె ఏమవుతుందో అని భయం, చెప్పకపోతే తానేమైపోతాడో అని భయం. అన్నం సగం తిని లేచేవాడు. బాయిలో కర్ర పెట్టేటప్పుడు కూడా కొలత తప్పేవాడు. ఇరవై ఏళ్ళలో అట్లా ఎన్నడూ లేదు.

తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీలో చెప్పడానికి ముందటి ఎండాకాలం చెట్టుకు గుప్పెడు కాయలు పట్టాయి. లస్మవ్వ దవాఖానలో ఉంది, కాలు బెణికి. ఆమె వచ్చేలోగా రఘుపతి ఆ పిందెలన్నీ తెంపి మట్టిలో పూడ్చాడు. కోతులు తెంపాయని చెప్పాడు. పాపం, ఆ ఊరి కోతులన్నిటికీ లస్మవ్వ నోట పడని తిట్టు లేదు. పక్కన కూర్చుని ఒక్కో తిట్టూ రఘుపతి తానే తిన్నాడు.

మరుసటేడు కాయలు విరగబడి కాశాయి. ఈసారి లస్మవ్వ చెట్టు కింద మంచం వేయించుకుంది. చేతిలో కట్టె, పక్కన చెంబు. కోతిని కాదు కదా, అల్లుణ్ణి కూడా చెట్టు దరికి రానివ్వలేదు. రఘుపతి రోజూ డ్యూటీ నుంచి రాగానే దూరం నుంచే కాయల వంక చూసేవాడు. పచ్చగా ఉన్నాయి. ముదిరాయి, పచ్చగానే ఉన్నాయి. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేనివాడు కూడా మల్లన్నకు మొక్కుకున్నాడు. పచ్చగా ఉండనీ స్వామీ, రుచి సంగతి తర్వాత చూసుకుందామని. ఒకరోజు పై కొమ్మన ఒక కాయ భుజం మీద పసుపు చుక్క కనబడింది. వారం తిరిగేసరికి చెట్టు నిండా పసుపే.

జమున బట్టలారేస్తూ చూసింది. చేతిలోని తడిచీర జారిపోయింది. మొగుడి వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకు వేసి, ఆయన అంతా చెప్పాడు. వైరు, మోడు, మూడేళ్ళ అబద్ధం, కోతులు.

జమున తిట్టలేదు, తిడితే బాగుండేది. "మా బాపు అవ్వకు ఇచ్చింది గదొక్కటే" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "నేను జెప్ప. నాతోని గాదు. నువ్వే కట్టినవ్, నువ్వే జెప్పు" అంది.

అది జూన్ రెండో తారీఖు. కొత్త రాష్ట్రం వచ్చింది. కాలనీలో డప్పులు, రంగులు, మిఠాయిలు. బాయిల మీద కొత్త జెండాలు. లస్మవ్వ నుదుట ఎవరో గులాలు పూసిపోయారు. మంచం మీద కూర్చుని, పండు రాలిన చప్పుడు విని తడుముతోంది. రఘుపతి పోయి ఆ పండు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ముసలామె మొహం వెలిగిపోయింది.

"రాష్ట్రం అచ్చిన్నాడే నా పండు గూడ అచ్చింది సూడు కొడుకా. గాయినె ఉంటె…"

ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. పంటితో తొక్క చీల్చి చీకింది. మొహమంతా ముడుచుకుపోయింది. పీచు పళ్ళల్లో ఇరుక్కుంది, తుపుక్కున ఉమ్మింది.

"ఇదేం కాయ? బజారుదా? ఎవరిచ్చిన్రు?"

రఘుపతి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. డప్పుల చప్పుడు తగ్గేదాకా ఆగాడు. "మన చెట్టుదే అత్తమ్మా."

"పరాష్కాలు ఆడకు."

"పరాష్కం గాదు. మన చెట్టు ఎప్పుడో సచ్చింది. నేనే సంపిన. సార్ ఇప్పుమన్న కట్టు ఇప్పకుండ వైరు జుట్టిన. గొంతు పిసికినట్టయింది. గిది నాటు చెట్టు అత్తమ్మా. కింద నుంచి లేచింది. నాకు ఎరికై మూడేండ్లాయె, నీకు జెప్పలె. నన్ను కొట్టు, తిట్టు." ఇన్నేళ్ళకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

లస్మవ్వ మసక కళ్ళతో ఆయన గొంతు వచ్చిన వైపు చూసింది. చెయ్యి చాపి తడిమి, ఆయన అరచేతులు రెండూ దొరకబుచ్చుకుంది. కాయలు కాసిన ఆ చేతుల మీద తన బొటనవేలితో రాసింది. తర్వాత నవ్వింది.

"పిచ్చోడా. పండుగ పూట తాగచ్చినవా ఏంది? గీ చేతులు ఎంతమంది మీద బండ పడకుండ ఆపినయో ఖనిల అందరికి ఎరికే. గీ చేతులు జానెడు మొక్కను సంపుతయా? నేను నమ్మ."

"నిజం అత్తమ్మా…"

"ఊకో. నేను ముసలిదాన్ని, పిచ్చిదాన్ని గాదు. గిది ఎవలో ఇచ్చిన కాయ. మన చెట్టు ఇంక కాతకే రాలె." చేతిలో పండు పక్కకు విసిరేసింది. లేచి, కట్టె తాటించుకుంటూ చెట్టు దగ్గరికి పోయి కాండం నిమిరింది. పసుపు పండ్లు ఆమె తల మీదే వేలాడుతున్నాయి. "ఆలిశమైతది. అయితె కానీ. నువ్వే గద కట్టినవ్, యాడికి పోతది?"

జమున గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. రఘుపతి ఆమె వైపు చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంక చెప్పొద్దని. చెప్పినా వినే మనిషి అక్కడ లేదు.

"కొడుకా" అని పిలిచింది లస్మవ్వ, చెట్టుకు ఆనుకుని. "ఇన్నేండ్లాయె, కట్టు ఏమన్న ఒదులైందో ఏందో. ఓసారి బిగియ్యరాదు?"

రఘుపతి కళ్ళు తుడుచుకుని లోపలికి పోయాడు. అటక మీద వైరు చుట్ట ఉంది. తెచ్చి, ఆమె వింటుందని, చప్పుడు చేస్తూ చెట్టు మొదట్లో కూర్చున్నాడు. కాండం చుట్టూ ఒక చుట్టు తిప్పి, రెండు వేళ్ళు పట్టేంత సందు వదిలి ముడి వేశాడు. తన జన్మలో అంత వదులుగా ఆయన ఎన్నడూ కట్టలేదు.

"బిగిచ్చినవా?" అంది లస్మవ్వ.

"బిగిచ్చిన అత్తమ్మా."